అందరికీ అందే దస్తర్‌ఖాన్

రంజాన్ పండుగనాడు హైదరాబాద్ పాతబస్తీలో ఏ గడప తొక్కినా ముందుగా చేతికందేది షీర్ ఖుర్మా గిన్నె. చిక్కగా కాచిన పాలు, నేతిలో వేగిన సన్న సేమ్యా, ఖర్జూరం, బాదం, పిస్తా, సారపప్పు. మొగల్‌పురా నుంచి బార్కస్ దాకా ఒకే రోజు నాలుగిళ్లు తిరిగే కుటుంబానికి నాలుగు గిన్నెలు తప్పవు. ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాలకు పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలకు, బతుకమ్మ రోజుల్లో గౌలిపురా, అలియాబాద్ ఇళ్లకు వచ్చే చుట్టాలకు నువ్వుల ముద్దలు, పల్లీ ముద్దలు, మలీద ముద్దలు అంతే ప్రేమగా అందుతాయి. ఈ మర్యాదలో లోటేమీ లేదు. కానీ వచ్చినవాళ్లలో పాలో, గోధుమో, పల్లీయో పడని బిడ్డ ఒక్కరున్నా ఆ గిన్నె, ఆ ముద్ద ఇంటిల్లిపాదినీ ఇరకాటంలో పెడతాయి. వండే ఇల్లాలికి అదొక బరువు. అమ్మమ్మ వంటలను పుస్తకంగా రాయాలని కూర్చున్న మనిషి అదే ఇంట్లో ఉంటే అది ఇంకొక బరువు. చుట్టాల రాకపోకలు, అలర్జీ ఉన్నవారికి వండిపెట్టడం, వంటపుస్తకం రాయడం అనే మూడింటినీ విడివిడి పనులుగా చూసి, ఒకదానికి వేళ ఇస్తే ఇంకొకటి చెడుతుందని బాధపడటం మామూలు. నేను అలా అనుకోను. ఈ మూడూ ఒకే పనిలోని భాగాలు. అలర్జీని లెక్కలోకి తీసుకుని రాసినప్పుడే పాతబస్తీ వంటకు పూర్తి పుస్తకం వస్తుంది. ఆ పుస్తకం తయారయ్యే చోటు చుట్టాలతో నిండిన వంటిల్లే.

హైదరాబాదీ వంటకు పుస్తకాల కొరత లేదు. ప్రతిభా కరణ్ రాసిన 'ఎ ప్రిన్స్‌లీ లెగసీ: హైదరాబాదీ క్విజీన్' 1998లో వచ్చింది. ఆ మరుసటి ఏడాదే బిల్కీస్ లతీఫ్ ఆంధ్ర వంటలతో పాటు హైదరాబాదీ ప్రత్యేక వంటకాలను ఒక పుస్తకంలో పెట్టారు. గీతా దేవి 2013లో హైదరాబాద్ ఖాన్సామాల వంటలను గ్రంథస్థం చేశారు. తెలుగులో మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు' కొత్త కాపురాలకు ఎన్ని ముద్రణల పాటు తోడుందో చదువరులకు తెలుసు. వీటన్నిటిలో నా వాదనకు దగ్గరగా వచ్చే పుస్తకం ఇంకొకటి ఉంది. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి పెద్ద కుమార్తె సుభద్రా కృష్ణారావు పరిగి వంటలను జిగ్యాసా గిరి, ప్రతిభా జైన్ ఆమె దగ్గర కూర్చుని రాసుకున్నారు. 'కుకింగ్ ఎట్ హోమ్ విత్ పెద్దత్త' పేరుతో వచ్చిన ఆ పుస్తకం 2006లో శాకాహార వంటల విభాగంలో గోర్మాండ్ ప్రపంచ పురస్కారం పొందింది. ఒక పెద్దావిడ పక్కన పీట వేసుకుని, ఆమె చేయి ఏం చేస్తుందో చూసి రాయడమే ఆ పుస్తకానికి ప్రాణం. అలాంటి వేళ మన ఇళ్లలో దొరికేది చుట్టాలొచ్చినప్పుడే. పెద్దవాళ్లు పెద్ద వంటలు చేసేదీ, చేతి కింద పనికి నలుగురు చేరేదీ అప్పుడే. ఆ వంటిల్లు దాటితే మిగిలేవి 'కొంచెం', 'సరిపడా', 'అందాజగా' అనే మాటలే. రుచి తెలిసిన చేతికి ఆ మాటలు చాలు. కానీ జీడిపప్పు పడని అతిథికి కొంచెం జీడిపప్పు ముద్ద కూడా ఎక్కువే. సరిగ్గా ఏం వేశారో చెప్పని పుస్తకం ఆ అతిథికి ఎందుకూ పనికిరాదు.

కొనే సరుకుల మీద చట్టం కొంత పని చేసింది. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద చెప్పి తీరాల్సిన అలర్జీ కారకాలు ఇవి: గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు, పీతల వంటివి, పాలు, గుడ్లు, చేపలు, పల్లీలు, బాదం, జీడిపప్పు వంటి గింజపప్పులు, సోయా, కిలోకు 10 మిల్లీగ్రాములు, అంతకు మించిన సల్ఫైట్. హోటళ్ల మెనూలో ఈ సమాచారం చెప్పాలన్న నియమం కేంద్ర లైసెన్సు ఉన్నవాటికి, పది లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల శాఖలున్నవాటికి వర్తిస్తుంది. మదీనా, పత్తర్‌గట్టి, షా అలీ బండ వీధుల్లోని చిన్న హోటళ్లు ఎక్కువగా ఆ లెక్కలోకి రావు. పెళ్లి వంటల గుండిగలకు, ఇంటి వంటకు ఎలాగూ లేబుల్ ఉండదు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమంటే మన జాబితాలో నువ్వులు లేవు. అమెరికా 2023 జనవరి 1 నుంచి నువ్వులను తొమ్మిదో ప్రధాన అలర్జీ కారకంగా లేబుల్ మీదికి తెచ్చింది. ఐరోపా సమాఖ్య 14 పదార్థాల జాబితాలో నువ్వులతో పాటు ఆవాలు కూడా ఉన్నాయి. మిర్చీ కా సాలన్, బగారా బైంగన్ నుంచి సకినాలు, సర్వపిండి దాకా నువ్వులు లేనిదే పూట గడవని నేల మనది. ఇక ఆవాలు వేయని తాలింపు ఏ ఇంట ఉంటుంది? మన దేశపు అలర్జీ పరిశోధనల్లో శనగలు కూడా కనిపిస్తాయి, అవీ జాబితాలో లేవు. చట్టం ఆగిన చోట సమాచారం చెప్పగలిగేది వండినవారి నోరు, లేకపోతే వారు రాసిన పుస్తకం.

పుస్తకం ఎందుకు కావాలంటే, పాతబస్తీ వంటలో అసలు ప్రమాదం కంటికి కనపడని చోట ఉంటుంది. డబుల్ కా మీఠా మీద చల్లిన బాదం పలుకులను ఎవరైనా చూడగలరు. సాలన్‌లో వేయించి మెత్తగా నూరిన పల్లీ, నువ్వులు, కొబ్బరి చింతపులుసులో కలిసిపోయాక చూపుకు అందవు. మరగ్ చిక్కదనం చాలా ఇళ్లలో జీడిపప్పు, బాదం ముద్దది. అది తెల్లని మాంసపు పులుసులాగే కనిపిస్తుంది. ఖుబానీ కా మీఠాలో పాలు, గోధుమ లేవు కదా అని ధైర్యంగా వడ్డిస్తే, పైన అలంకరించే పలుకులు ఖుబానీ, అంటే ఆప్రికాట్, గింజ పగలగొట్టి తీసినవి. ఆ చెట్టు, బాదం చెట్టు ఒకే కుటుంబానివి. జీడిపప్పు పడనివారికి పిస్తా కూడా పడకపోవడం వైద్యులు తరచూ చూసేదే, షీర్ ఖుర్మాలోని సారపప్పుదీ ఆ కుటుంబమే. తెలుగిళ్ల చారులో, పప్పులో వేసే డబ్బా ఇంగువ చాలావరకు మైదా కలిపి చేసినది, అందువల్ల గోధుమ పడనివారికి పప్పన్నం కూడా అనుమానమే. నూనె విషయమూ అంతే. బాగా శుద్ధి చేసిన పల్లీనూనెలో ప్రోటీన్ దాదాపు మిగలదు, గానుగ నూనెలో మిగులుతుంది. ఆరోగ్యానికి మంచిదని గానుగ నూనెకు మారిన ఇల్లు అలర్జీ ఉన్న చుట్టానికి తెలియకుండానే కీడు చేయవచ్చు. ఈ సంగతులేవీ రుచి చూస్తే తెలిసేవి కావు. రాసిపెడితేనే తెలుస్తాయి.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. అలర్జీలు అమెరికా, ఐరోపా రోగాలు, మన పిల్లలకు ఇవన్నీ ఎక్కడివి అని అడిగేవారున్నారు. వారి మాటలో కొంత నిజముంది, దాన్ని దాచి వాదించడం నాకు ఇష్టం లేదు. కర్ణాటకలో బడిపిల్లల మీద జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో ఆహార అలర్జీ ఉండవచ్చని తేలినవారు 0.14 శాతమే. అదే అధ్యయనంలో భాగమైన హాంకాంగ్ పిల్లల్లో ఆ సంఖ్య దీనికి పది రెట్లు. అయితే ఈ అంకె ఇంటి వంటకు ఎలా వర్తిస్తుందో ఆలోచించాలి. పాతబస్తీ కుటుంబాలు పాతబస్తీలోనే లేవు. జెద్దా, దుబాయ్, షికాగో, టొరంటోల్లో స్థిరపడినవారి పిల్లలు అక్కడే పుట్టి, అక్కడి డాక్టర్ల చేత పరీక్షలు చేయించుకుని, సెలవులకు నానమ్మ ఇంటికి వస్తారు. విందుకు వచ్చిన యాభైమందిలో అలాంటి బిడ్డ ఒక్కరే ఉండవచ్చు. ఆ ఒక్క బిడ్డకు శాతాలతో పనిలేదు. పైగా అలర్జీ కాకపోయినా కొన్ని తిండ్లకు దూరంగా ఉండాల్సినవారు మనలో చాలామంది ఉన్నారు. దక్షిణాదిలో పాలలోని లాక్టోజ్ అరగని పెద్దలు తక్కువేమీ కాదు. వారికి పెరుగు కొంత నయం, నెయ్యి దాదాపు ఇబ్బంది పెట్టదు. పాల ప్రోటీన్‌కే అలర్జీ ఉన్నవారికి మాత్రం పెరుగూ ప్రమాదమే, నేతిని కూడా నమ్మలేం. ఈ రెంటికీ తేడా తెలియని వంటిల్లు ఒకరికి అనవసరంగా పథ్యం పెడుతుంది, ఇంకొకరికి అపాయం తెస్తుంది. తేడా చెప్పే పుస్తకం ఇద్దరికీ మేలు చేస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. పల్లీ తీసిన సాలన్, పెరుగు లేని బిర్యానీ అసలు వంటకాలేనా, ఇలా మారుస్తూ పోతే పాతబస్తీ రుచి ఏమైపోతుంది అని పెద్దలు అడుగుతారు. ఈ భయాన్ని నేను గౌరవిస్తాను. కానీ చరిత్ర మాత్రం మార్పు వైపే నిలబడుతుంది. మిరపా, పల్లీ అమెరికా ఖండాల పంటలు, 1492 తర్వాత సముద్రం మీద కొత్త దారులు తెరుచుకున్నాకే మన దేశానికి వచ్చాయి. టమాటా కూడా అంతే. ఇవి లేకుండా ఇవాళ సాలన్‌ను, టమాటే కా కట్‌ను ఊహించలేం. డబుల్ కా మీఠాకు ఆధారమైన బ్రెడ్డు యూరోపియన్ల రొట్టె. హలీంకు మూలమైన హరీస్ గోధుమ, మాంసం మాత్రమే మెదిపిన అరబ్బుల వంట. దానికి మసాలా, పప్పులు, వేయించిన ఉల్లి చేర్చి తనదిగా చేసుకున్నది ఈ నగరమే. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాద్ హలీం అలా మారిన వంటకమే. ఇక్కడి వంటమనుషులు కొత్త సరుకు వచ్చినప్పుడల్లా దాని పనేమిటో కనిపెట్టి తగిన చోట పెట్టారు. ఒక సరుకును తీయాల్సి వచ్చినప్పుడు చేయాల్సింది కూడా అదే ఆలోచన: అది వంటలో ఏ పని చేస్తుందో తెలుసుకుని, ఆ పనికి ఇంకొకదాన్ని వెతకడం.

ఆ పనిని విడమర్చి చెప్పడమే మంచి వంటపుస్తకం చేయాల్సింది. కచ్చే గోష్త్ బిర్యానీలో పెరుగు పులుపుతో మాంసాన్ని మెత్తబరుస్తుంది, మసాలాను ముక్కకు పట్టిస్తుంది. మెత్తబరిచే పనికి పచ్చి బొప్పాయి ముద్ద ఈ వంటలో ముందునుంచీ ఉంది. పులుపుకు నిమ్మరసం ఉంది, మసాలాను పట్టి ఉంచడానికి వేయించి నలిపిన ఉల్లి ఉంది. పాలలో నానబెట్టే కుంకుమపువ్వును వేడినీళ్లలో నానబెట్టవచ్చు, దాని రంగు నీటిలో కరిగేదే. మరగ్‌లో గింజపప్పు ముద్ద చేసే పని చిక్కదనం ఇవ్వడం. ఎముకలను సన్నని సెగ మీద ఎక్కువసేపు ఉడికిస్తే దిగే జిగురు అందులో సగం పని చేస్తుంది, మిగతా సగానికి పాతబస్తీ కిరాణా కొట్లలో దొరికే చార్ మగజ్, అంటే పుచ్చ, గుమ్మడి, దోస జాతి గింజలు ఉన్నాయి. అవి ఆ మనిషికి పడతాయని తెలిస్తేనే వాడాలి. సాలన్‌లో పల్లీ, నువ్వుల పని రెండు రకాలు. చింతపండు పులుపును మందగింపజేయడం ఒకటి, నూనె పైకి తేలేలా గ్రేవీని కట్టడం రెండోది. కొబ్బరి, బాగా వేగిన ఉల్లి మొదటి పని చేస్తాయి, రెండోది అంత బాగా చేయవు. అప్పుడు పుస్తకం ఆ మాటే నిజాయితీగా రాయాలి: రుచి దగ్గరగా ఉంటుంది, పైన తేలే నూనె తగ్గుతుంది, సెగ తగ్గించి కలుపుతూ ఉండాలి. ఇలా రాయాలంటే రచయితకు వంట లోతుగా తెలియాలి. నూరేళ్ల వంటకాన్ని 'పల్లీలు 100 గ్రాములు' అని దించుకోవడం కంటే ఇది కష్టమైన పని, అందుకే విలువైన పని.

కొన్ని వంటకాలను మార్చకూడదని చెప్పే ధైర్యం కూడా ఆ పుస్తకానికి ఉండాలి. హలీంలో గోధుమ తీసేస్తే మిగిలేది హలీం కాదు. జొన్నతో చేసింది మంచి వంటే కావచ్చు, దానికి వేరే పేరు పెట్టాలి. డబుల్ కా మీఠాలో బ్రెడ్డు, పాలు, నెయ్యి తీసేయమంటే వంటకమే ఉండదు. అలాంటి చోట బదులు సరుకు వెతకడం కంటే బదులు వంటకం వెతకడం మేలు. ఈ విషయంలో పాతబస్తీ ఎంతో కలిగినది. ఖట్టీ దాల్, సొరకాయ వేసిన దాల్చా, పాయా, తలావా గోష్త్, వేసవి మొదట్లో చింతచిగురుతో చిగుర్ గోష్త్, గోంగూరతో అంబాడా గోష్త్, నూనెతో చేసిన బగారా అన్నం, జొన్నరొట్టె. చాలా ఇళ్లలో ఇవి పాలు, గోధుమ, గుడ్డు, గింజపప్పు లేకుండానే తయారవుతాయి. వీటిలో పప్పు పడనివారికి ఏది తగదో చెబితే చాలు. పలుకులు, మీగడ పక్క గిన్నెల్లో పెడితే ఖుబానీ కా మీఠా కూడా ఎక్కువమందికి అందుతుంది. చింత, గోంగూర, జొన్న దక్కన్ నేల ఇచ్చిన పంటలు, రాజుల విందుల జాబితాలో వెనక్కి జరిగిన వంటలు. అతిథి అవసరం వాటిని ముందుకు తెస్తే పుస్తకం నగరపు వంట మొత్తాన్ని చూపిస్తుంది. బాదం, కుంకుమపువ్వుల వంటలనే హైదరాబాదీ వంటగా చూపించే అలవాటు వల్ల ఇన్నాళ్లూ జరిగిన అన్యాయం కూడా కొంత సరిదిద్దుకోవచ్చు.

మూడో అభ్యంతరం వంట చేసే ఆడవాళ్లది, నా దృష్టిలో అన్నిటికంటే న్యాయమైనది. ఇంటినిండా చుట్టాలు, పొయ్యి మీద నాలుగు గిన్నెలు, ఇప్పుడు అలర్జీకి వేరే వంట, దాని పక్కన కొలతలు రాసుకోవడం ఎవరి వల్ల అవుతుంది? ఒక్కరి వల్ల కాదు, ఒక్కరి మీద పెట్టకూడదు కూడా. చుట్టాలొచ్చిన రోజు రాయడానికి కూర్చోవాల్సిన పనిలేదు. ఆ రోజు పెద్దావిడ చేతిలోని పప్పును ఆమె వేయకముందే తూచి అంకె రాసుకోవడం, ఏ ముద్ద ఎప్పుడు పడిందో గుర్తుపెట్టుకోవడం చాలు, అది వచ్చిన పిల్లలు, అల్లుళ్లు చేయగల పని. పరీక్షించి చూడటం, రాయడం తర్వాతి నెలల్లో, చిన్న గిన్నెలో, తీరికగా జరగాలి. వేరే వంట బరువును తగ్గించే దారి కూడా ఉంది: అందరూ తినగల వంటకాలనే మధ్యలో పెట్టి, సాలన్‌నూ మీఠానూ పక్కన పెట్టడం. మిగిలేది క్రమశిక్షణ. అలర్జీ ఉన్నవారి వంట ముందు వండి, వారి కంచం ముందు వడ్డించి మూత పెట్టాలి. ప్రతి గిన్నెకూ దాని గంటె దానికే ఉండాలి. పల్లీ నూరిన మిక్సీ జార్ రబ్బరు కింద ముద్ద ఇరుక్కుంటుంది, దాన్ని విప్పి కడగాలి. వేడికి పల్లీ అలర్జీ పోతుందనుకోవడం పొరపాటు, వేయించిన పల్లీ ఇంకా తీవ్రంగా పనిచేయవచ్చు. బార్కస్ మందీలాగా ఒకే పళ్లెం చుట్టూ నలుగురు కూర్చుని తినేటప్పుడు ఆ పళ్లెంలోకి ఏం రావచ్చో ముందే తేల్చుకోవాలి. కలిసి తినడం మానమని నేను చెప్పను. ఎవరూ భయపడకుండా కలిసి తినేలా పళ్లెం సిద్ధం చేయమంటాను.

చివరి అభ్యంతరం డాక్టర్ల వైపు నుంచి రావచ్చు. వంటపుస్తకంలో అలర్జీ మాట చూసి జనం దాన్ని వైద్యంగా నమ్మితే ఎలా? అందుకే భాష విషయంలో జాగ్రత్త కావాలి. 'ఇది సురక్షితం' అని ఏ వంటకం కిందా రాయకూడదు. 'ఇందులో పల్లీ వేయలేదు' అని మాత్రమే రాయాలి. కొన్న మసాలా పొడి, ఇంగువ, బేకరీ రొట్టె విషయంలో ప్యాకెట్ చదవమని గుర్తుచేయాలి. ఎవరికి ఏది పడదో తేల్చాల్సింది డాక్టరే. ఇంట్లో తినిపించి పరీక్షించడం ప్రాణాంతకం కావచ్చు. ఊపిరాడకపోవడం, నాలుక, గొంతు వాచడం, కళ్లు తిరిగి పడిపోవడం కనిపిస్తే మొదటి మందు తొడ కండరంలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్, అలర్జీ మాత్ర దానికి బదులు కాదు. 108కు ఫోన్ చేయడం, దగ్గరి ఆసుపత్రికి పరుగెత్తడం ఆలస్యం కాకూడదు. ఈ నాలుగు మాటలు పుస్తకం మొదటి పుటల్లో ఉంటే రుచికి వచ్చే నష్టమేమీ లేదు.

2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార కళల సృజనాత్మక నగరంగా గుర్తించింది. ఆ గుర్తింపుకు తగిన పుస్తకం ఇంకా రావాల్సే ఉందని నా నమ్మకం. అది తయారు కావడానికి పెద్ద పరిశోధనాలయం అక్కర్లేదు. ప్రతి వంటకం కింద మూడు వాక్యాలు చాలు: ఇందులో ఏమేమి ఉన్నాయి, ఒక్కొక్కటీ ఎందుకు ఉంది, తీసేస్తే ఏమవుతుంది. ఈ మూడింటికి జవాబు చెప్పగలవారు ఇవాళ షా అలీ బండలో, లాల్‌దర్వాజలో, బార్కస్‌లో పొయ్యి ముందున్న పెద్దవాళ్లు. వారిని అడగగలవారు సెలవులకు వచ్చే మనవలు, మనవరాళ్లు. వంటపుస్తకాలు వేసే ప్రచురణకర్తలు కొత్త ముద్రణల్లో ఈ మూడు వాక్యాలకు చోటివ్వాలి. రాసేవారు కొలతలతో పాటు కారణాలనూ రాసుకోవాలి. పుస్తకం రాయని ఇళ్లు కూడా ఇంటి నోటుబుక్కులో ఈ పని మొదలుపెట్టవచ్చు, రాబోయే పండుగకే మొదలుపెట్టవచ్చు. అతిథికి కడుపునిండా పెట్టడం పాతబస్తీ తన గౌరవంగా భావిస్తుంది. తినలేనివారిని కూడా తినగలిగేలా చేసే వంటపుస్తకం ఆ గౌరవాన్ని నిలబెడుతుంది.